ఫైలులో చోటు లేని మాట: ‘ప్లేన్‌స్కేప్: టోర్మెంట్’ సంభాషణల అమరిక

అచ్చయిన నాటకంలో ప్రతి సంభాషణకూ ఎడమవైపు ఒక పేరు ఉంటుంది. ఆ మాట ఎవరిదో, ఎవరి ఎదుట పలికినదో, ఏ రంగంలో పలికినదో పుట చూడగానే పాఠకుడికి తెలిసిపోతుంది. 1897లో తొలిసారి అచ్చయి, 1909లో విస్తృతమైన మార్పులతో మళ్ళీ వెలువడిన ‘కన్యాశుల్కం’లో మధురవాణి ఒక్కొక్కరితో ఒక్కొక్క తీరుగా మాట్లాడుతుంది. ఆ తేడాలను పట్టుకోవడానికి రచయిత ప్రతిభతో పాటు పుట అమరిక కూడా పాఠకుడికి తోడ్పడుతుంది. చిరకాలంగా అలవాటైన అమరిక కావడం వల్ల దానిని ఎవరూ ప్రత్యేకంగా గమనించరు. కంప్యూటర్ తెరపై నడిచే సంభాషణకు అటువంటి అమరిక ఏది, అది ఆ రచన స్వభావాన్ని ఎంతవరకు నిర్ణయిస్తుంది అన్న ప్రశ్న సాహిత్య చర్చలలో అరుదుగా వినిపిస్తుంది. సాంకేతిక నిపుణుల విషయంగా దానిని పక్కన పెట్టడం పరిపాటి. కాని ఆ ప్రశ్నకు భాషతో, అనువాదంతో ఉన్న సంబంధం చాలా లోతైనది.

ఇందుకు మంచి ఉదాహరణ ‘ప్లేన్‌స్కేప్: టోర్మెంట్’. అమెరికాలోని బ్లాక్ ఐల్ స్టూడియోస్ రూపొందించగా 1999 డిసెంబరులో విడుదలైన ఈ కంప్యూటర్ ఆటకు ప్రధాన రూపకర్త క్రిస్ అవెలోన్. ఆడేవారు ఒక పాత్రను ధరించి కథను ముందుకు నడిపించే ‘రోల్ ప్లేయింగ్ గేమ్’ల కోవకు చెందినది ఇది. ఇందులోని కథానాయకుడికి పేరు లేదు. చనిపోయినా మళ్ళీ లేచే శాపం అతనిది. అలా లేస్తూ లేస్తూ తన గత జీవితాల జ్ఞాపకాలన్నిటినీ పోగొట్టుకున్నాడు. కథ ప్రారంభంలో ఒక శవాగారంలోని బల్లపై మేలుకుంటాడు. ఇతర ఆటలలో కత్తి చేసే పనిని ఇందులో చాలా చోట్ల మాట చేస్తుంది. దీనిలో సుమారు 8 లక్షల పదాల పాఠ్యం ఉందని చెబుతారు. అంటే పరిమాణంలో ఇది అనేక నవలల పెట్టు. ఇంత రచన ఏ రూపంలో, ఏ క్రమంలో భద్రపరచబడింది అన్నది విమర్శకు అర్హమైన విషయమే.

అంకెల వరుస

ఈ ఆటకు ఆధారమైన సాఫ్ట్‌వేరు పేరు ‘ఇన్ఫినిటీ ఇంజన్’. కెనడాలోని బయోవేర్ సంస్థ 1998 డిసెంబరులో విడుదలైన ‘బాల్డర్స్ గేట్’ అనే ఆట కోసం దానిని తయారుచేసింది. ఈ పద్ధతిలో ఆటలోని పాఠ్యమంతా ‘డైలాగ్ డాట్ టీఎల్‌కే’ అనే ఒకే ఫైలులో ఉంటుంది. పాత్రల సంభాషణలు, వస్తువుల వర్ణనలు, దినచర్య పుస్తకంలోని పంక్తులు, చివరకు తెర మీది మీటల పేర్లు కూడా అందులోనివే. ప్రతి పాఠ్యభాగానికి ఒక సంఖ్య ఉంటుంది. ఆటలోని మిగిలిన ఫైళ్ళన్నీ మాటను మాటగా గాక ఆ సంఖ్యతోనే గుర్తిస్తాయి.

ఫైలు మొదట 18 బైట్ల పీఠిక. దాని తరువాత ఒక్కొక్క పాఠ్యభాగానికి 26 బైట్ల చొప్పున పట్టిక. ఆ 26 బైట్ల పంపకం ఆసక్తికరంగా ఉంటుంది. ఆ భాగంలో పాఠ్యం ఉందా, ధ్వని ఉందా అని తెలిపే గుర్తులకు 2, ధ్వని ఫైలు పేరుకు 8, ధ్వని హెచ్చుతగ్గులకు 4, శ్రుతి భేదానికి 4, పాఠ్యం ఫైలులో ఎక్కడ మొదలవుతుందో చెప్పడానికి 4, దాని పొడవు చెప్పడానికి 4. పట్టిక ముగిశాక పాఠ్యమంతా ఒకే ధారగా సాగుతుంది. ధ్వని ఫైలు పేరుకు ఎనిమిది బైట్లు కేటాయించిన ఈ పట్టికలో మాట్లాడేవారి పేరుకు ఒక్క బైటు లేదు. వినేవారికీ లేదు. ఆ మాట ఏ సందర్భంలోనిదో చెప్పే ఏర్పాటూ లేదు.

ఆ సమాచారం అసలే లేదని దీని అర్థం కాదు. ప్రతి పాత్రకూ విడిగా ‘డీఎల్‌జీ’ అనే మరొక ఫైలు ఉంటుంది. అందులో సంభాషణ కొన్ని దశలుగా విభజించి ఉంటుంది. ఒక్కొక్క దశలో ఆ పాత్ర పలికే మాట సంఖ్య, దానికి ఆడేవారు ఇవ్వదగిన జవాబుల సంఖ్యలు, ఏ జవాబు ఏ షరతుపై తెరకు వస్తుంది, దానిని ఎంచుకుంటే కథలో ఏమి మారుతుంది, సంభాషణ తరువాత ఏ దశకు వెళుతుంది అన్న వివరాలు ఉంటాయి. కథానాయకుడి తెలివి, వివేకం ఒక స్థాయికి మించితేనే కనబడే జవాబులు ఈ షరతుల ఫలితమే. వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే శబ్దాలు ఒక చోట, వాటి అన్వయం మరొక చోట. యంత్రం ఈ రెండింటినీ క్షణంలో కలుపుతుంది. టీఎల్‌కే ఫైలును మాత్రమే చేతిలో పెట్టుకున్న మనిషికి మాత్రం కనిపించేవి సంఖ్యలు వేసిన విడి వాక్యాలు. ఒకదాని కింద ఒకటిగా ఉన్న రెండు వాక్యాలు ప్రశ్నా జవాబూ కావచ్చు, ఒకదానితో ఒకటి ఏ సంబంధమూ లేనివి కావచ్చు.

కొరత నుండి శైలి

ఒక రచనా రూపం దేనికి చోటు ఇవ్వదో అది రచనలో వేరే దారిన ప్రవేశిస్తుంది. ‘టోర్మెంట్’ రచయితల గొప్పతనం ఈ దారిని వెతుక్కోవడంలో ఉంది. అభినయాన్ని సూచించడానికి ఈ ఫైళ్ళలో వేరే స్థానం లేదు. తెరపై కనిపించే బొమ్మలు చాలా చిన్నవి. ముఖకవళికలు వాటిలో తెలియవు. అందువల్ల రచయితలు వర్ణనను సంభాషణలోకే తెచ్చారు. ఒకే పాఠ్యభాగంలో పాత్ర చూపు, చేతుల కదలిక, గొంతులోని వణుకు కథనంగా వస్తాయి. పలికిన మాటను మాత్రం ఉద్ధరణ చిహ్నాల మధ్య ఉంచుతారు. నాటకంగా మొదలైన రూపం ఈ విధంగా నవలగా మారింది. ఈ ఆటను చదవదగిన రచనగా విమర్శకులు గుర్తించడానికి ఇదొక ముఖ్య కారణం.

స్వరభేదానికి కూడా ఫైలులో చోటు లేదు. డక్కాన్ అనే యోధుడి పాత్ర విషయంలో దీనికి కనుగొన్న ఉపాయం చాలా సులువైనది. ‘తెలుసుకొనడం’ అనే క్రియను అతడు పలికినప్పుడల్లా దానికి రెండు వైపులా నక్షత్ర గుర్తులు ఉంచారు. అతని జాతి తాత్త్వికతలో ఆ మాటకున్న బరువు ఆ రెండు గుర్తులతోనే తెలుస్తుంది. పాత్ర ఏ ఊరిది, ఏ వర్గానిది అని చెప్పే అవకాశమూ ఫైలులో లేదు. కథ జరిగే సిగిల్ నగర వాసుల నోట పాతకాలపు ఇంగ్లండు దొంగల రహస్య భాష నుండి తీసిన పదాలు పెట్టడం ద్వారా ఆ లోటునూ పూరించారు.

అన్నిటిలోకీ ప్రత్యేకమైనది జవాబుల ముందు పెట్టిన శీర్షికలు. కొన్ని చోట్ల ఒకే అర్థమిచ్చే జవాబు రెండు సార్లు కనిపిస్తుంది. ఒకదాని ముందు ‘నిజం’ అనీ, రెండవదాని ముందు ‘అబద్ధం’ అనీ ఉంటుంది. ఎదుటి పాత్రకు వినబడేది ఒకే మాట. ఆడేవారు మాత్రం తమ మనసులోని ఉద్దేశాన్ని ఎంచుకొని మరీ పలకాలి. ఆ ఎంపికను యంత్రం లెక్కలోకి తీసుకుంటుంది. కథానాయకుడి నైతిక స్వభావం దాన్ని బట్టి మారుతుంది. రంగస్థలంపై ‘స్వగతం’, ‘జనాంతికం’ అనే సంకేతాలు చేసే పనికి ఇది దగ్గరగా ఉన్నా, వాటికంటే ఒక అడుగు ముందుకు వెళ్ళింది. మాట ఒకటే అయినా చేసిన పని వేరని ఒప్పుకోమని పాఠకుణ్ణి ఇది నిలదీస్తుంది.

ఖాళీలు పూరించే వాక్యం

‘టోర్మెంట్’ నాయకుడు నిర్ణీతమైన పురుషపాత్ర. దానికి ముందు వచ్చిన ‘బాల్డర్స్ గేట్’లో ఆ పాత్ర పురుషుడో స్త్రీయో, పేరేమిటో ఆడేవారే నిర్ణయిస్తారు. అందువల్ల అక్కడి వాక్యాలలో కోణాకారపు గుర్తుల మధ్య కొన్ని సంకేతపదాలు ఉంటాయి. ఒకటి పాత్ర పేరుకు, ఒకటి ‘అతడు, ఆమె’లకు, ఒకటి ‘సోదరుడు, సోదరి’లకు. ఆట నడిచేటప్పుడు యంత్రం ఆ చోట తగిన పదాన్ని పెడుతుంది. కార్యాలయాలలో పనిచేసినవారికి ఈ పద్ధతి కొత్తది కాదు. ‘శ్రీ/శ్రీమతి/కుమారి’ అనీ, ‘కుమారుడు/కుమార్తె/భార్య’ అనీ అచ్చువేసి, వర్తించనిదానిని కొట్టివేయమని కోరే దరఖాస్తు ఫారం దీనికి దగ్గరి చుట్టమే.

ఇంగ్లీషు వాక్యం ఈ ఖాళీని సులభంగా భరిస్తుంది. తెలుగు వాక్యం భరించలేదు. ‘అతడు’ ఉన్న చోట ‘ఆమె’ను పెట్టినంత మాత్రాన పని తీరదు, వాక్యం చివర ‘వచ్చాడు’ అన్నది ‘వచ్చింది’ కావాలి. ఆ క్రియ ఖాళీకి వెలుపల ఉంది. పేరు విషయంలో చిక్కు ఇంకా సున్నితమైనది. ‘సీతకు’ అంటాము, ‘రవికి’ అంటాము, ‘రాముడికి’ అంటాము. విభక్తి ప్రత్యయం పేరు చివరి అచ్చును బట్టి మారుతుంది. ఆడేవారు ఏ పేరు పెట్టుకుంటారో అనువాదకుడికి ముందుగా తెలియదు. దీనికి తోచే మొదటి ఉపాయం పేరు తరువాత ‘గారు’ చేర్చడం. అప్పుడు ఎవరి పేరైనా ‘గారికి’ అన్న రూపం తప్పకుండా అతుకుతుంది. వ్యాకరణం నిలుస్తుంది కాని కథ దెబ్బతింటుంది. అడవిలో దారికాచి, కత్తి చూపి బెదిరించే దోపిడీదారు కూడా ‘రవి గారికి’ అని మాట్లాడవలసి వస్తుంది.

లింగభేదం ఉన్న భాషల కోసం ఈ ఇంజన్‌లో ఒక ఏర్పాటు చేశారు. కథానాయిక స్త్రీ అయినప్పుడు ఉపయోగించడానికి అవే సంఖ్యలతో రెండవ టీఎల్‌కే ఫైలు ఉంటుంది. ఫ్రెంచి వంటి భాషలలో విశేషణాలు మనిషి లింగాన్ని బట్టి మారుతాయి కనుక ఈ రెండవ ఫైలు అక్కరకు వచ్చింది. హిందీకి కూడా ఇది ఉపయోగపడగలదు. ‘నేను వెళుతున్నాను’ అని చెప్పేటప్పుడు హిందీలో పురుషుడి క్రియ వేరు, స్త్రీ క్రియ వేరు. తెలుగులో ‘వెళుతున్నాను’ అన్నది ఎవరికైనా ఒకటే, ‘వెళుతున్నావు’ అన్నదీ ఒకటే. ‘మంచివాడివి, మంచిదానివి’ వంటి నామరూపాలలోనూ, ప్రథమ పురుషలోనూ మాత్రమే భేదం బయటపడుతుంది. అంటే రెండవ ఫైలు తీర్చే అవసరం తెలుగులో పరిమితం. తెలుగుకు కావలసిన భేదం వేరొకటి.

నువ్వు, నీవు, మీరు

ఎదుటివారిని సంబోధించే ప్రతి తెలుగు వాక్యమూ ఒక సంబంధాన్ని ప్రకటిస్తుంది. ‘నువ్వు’ అనాలా, ‘మీరు’ అనాలా, ‘తమరు’ అనాలా అని తేల్చుకోకుండా చాలా మాటలు నోరు దాటవు. మూడవ వ్యక్తి గురించి చెప్పేటప్పుడు కూడా ‘వాడు, అతడు, ఆయన’ అనే మెట్లు ఉన్నాయి. లింగం ఒక మనిషికి చెందిన లక్షణం. దానిని కథ మొదట్లో ఒకసారి నిర్ణయించుకుంటే సరిపోతుంది. గౌరవం ఇద్దరి మధ్య ఉండే లక్షణం; అది మనిషి మనిషికీ, కొన్నిసార్లు ఒకే సంభాషణలో దశ దశకూ మారుతుంది. రెండు ఫైళ్ళు కాదు, పది ఫైళ్ళు పెట్టినా ఈ భేదం వాటిలో ఇమడదు. మాట్లాడేవారి పేరుకే చోటు లేని పట్టికలో సంబంధానికి చోటు ఉండడం అసాధ్యం.

‘టోర్మెంట్’ను తెలుగు చేయబూనిన అనువాదకుడికి ఈ సమస్య మొదటి దృశ్యంలోనే ఎదురవుతుంది. శవాగారంలో నాయకుణ్ణి పలకరించేది మోర్టే అనే మాట్లాడే పుర్రె. అప్పుడే పరిచయమైనట్లు ప్రవర్తిస్తుంది. నాయకుడి వీపు మీది పచ్చబొట్టు రాతను అతనికి చదివి వినిపిస్తుంది. అయితే పుర్రెను నమ్మవద్దని చెప్పే చివరి హెచ్చరికను మాత్రం దాచిపెడుతుంది. అది అతనికి పాత సహచరుడన్న సంగతి చాలా కాలానికి గాని బయటపడదు. ఇంగ్లీషులో ఈ పాత్ర నాయకుణ్ణి ‘చీఫ్’ అని పిలుస్తుంది. తెలుగులో దానికి ‘దొరా’ అంటే సేవకభావం, ‘గురూ’ అంటే వీధి చనువు ధ్వనిస్తాయి. మొదటి వాక్యంలోనే ‘గురూ’ అని, ‘నువ్వు’ అని మొదలుపెడితే చురుకైన పాఠకుడు పాత స్నేహాన్ని పసిగట్టవచ్చు. ‘మీరు’ అని మొదలుపెడితే ఆ పాత్ర కొంటెతనమే చచ్చిపోతుంది. ఇంగ్లీషు సర్వనామం దాచగలిగిన రహస్యాన్ని తెలుగు సర్వనామం దాచలేదు. అందువల్ల కథ అంతా తెలిసిన తరువాతనే మొదటి వాక్యాన్ని అనువదించవలసి ఉంటుంది.

డక్కాన్ విషయంలో తెలుగు మరొక దారి చూపుతుంది. నాయకుడి ఒక పూర్వజీవితంలో ఇచ్చిన మాటకు కట్టుబడి అతడు దాస్యంలో ఉన్నాడు. లోపల గర్వం, బయట బంధనం. ‘మీరు’ అంటే దాస్యమే కనిపిస్తుంది. ‘నువ్వు’ అంటే బంధనం కనిపించదు. ఈ రెండింటి మధ్య గ్రాంథికచ్ఛాయ గల ‘నీవు’ ఒకటి తెలుగులో ఉంది. వంగని మర్యాదకు అది తగిన మాట. మూలంలో నక్షత్ర గుర్తులతో సాధించిన గాంభీర్యంలో కొంత తెలుగులో ఒక్క సర్వనామంతో సాధించవచ్చు.

ఒక పూర్వజీవితంలో నాయకుణ్ణి ప్రేమించి, మరణించి, ప్రేతరూపంలో మిగిలిన డియొనారా పాత్రతో ఈ సమస్య పరాకాష్ఠకు చేరుతుంది. ఆమెకు అతడు ప్రియుడు. అతనికి ఆమె ఎవరో తెలియదు. పరిచయం లేని స్త్రీతో మాట్లాడినట్లు మాట్లాడితే ‘మీరు’ అనాలి. గుర్తుపట్టినట్లు నటించవలసి వస్తే ‘నువ్వు’ అనక తప్పదు. అంటే తెలుగులో ఆ అసత్యం ‘అబద్ధం’ అనే శీర్షిక దగ్గరే కాక సర్వనామంలోనూ ఉంటుంది. అపరిచితురాలిని ‘నువ్వు’ అన్న క్షణంలోనే మోసం పూర్తవుతుంది. మూలరచనకు లేని ఈ సూక్ష్మత తెలుగు అనువాదానికి దక్కగలదు. అయితే ఆ వాక్యం ఎవరు ఎవరితో, ఏ ఉద్దేశంతో పలికినదో అనువాదకుడికి తెలిసినప్పుడే అది సాధ్యం. సంఖ్యలు వేసిన విడి వాక్యాల జాబితాను అందుకున్న అనువాదకుడు ప్రమాదం లేని మార్గంగా అన్ని చోట్లా ‘మీరు’ అని రాస్తాడు. బ్యాంకు యంత్రాల తెరలపై కనిపించే మర్యాద మాత్రమే అప్పుడు మిగులుతుంది. మోర్టే, డక్కాన్, డియొనారా ముగ్గురూ ఒకే గుమాస్తా గొంతుతో మాట్లాడతారు.

లిపి, సందర్భం

లిపి విషయంలో దాటవలసిన అడ్డంకి కొంతవరకు తొలగింది. 1998-99 నాటి ఈ ఆటలలో ఒక అక్షరానికి ఒక బైటు అన్నది నియమం. తెలుగు సంయుక్తాక్షరాలకు అది చాలదు. యూనికోడ్‌ను యూటీఎఫ్-8 పద్ధతిలో నిల్వ చేసినప్పుడు తెలుగులో ఒక్కొక్క కోడుకు 3 బైట్లు పడుతుంది. కంటికి రెండక్షరాలుగా కనిపించే ‘లక్ష్మి’ 7 కోడులు, 21 బైట్లు. 2012లో వెలువడిన ‘బాల్డర్స్ గేట్’ కొత్త కూర్పు, 2017లో వెలువడిన ‘టోర్మెంట్’ కొత్త కూర్పు యూటీఎఫ్-8ను స్వీకరించాయి. కోడు నిల్వ కావడంతోనే పని పూర్తి కాదు. ఒత్తులూ గుణింతాలూ తెరపై సరిగా కూడాలి. అయినా ఇది ఇంజనీర్ల చేతిలో తీరే సమస్య. సందర్భం లేకపోవడం అలా తీరేది కాదు. దానిని పాఠ్యాన్ని అమర్చేవారే తీర్చాలి.

దానికి ఆధారాలు లేకపోలేదు. ఈ ఆటల అభిమానులు విస్తృతంగా వాడే ‘వైడూ’ అనే పనిముట్టును వెస్ వైమర్ రూపొందించారు. యంత్రానికి మాత్రమే తెలిసే డీఎల్‌జీ ఫైళ్ళను అది మనిషి చదవగల పాఠంగా విప్పి చూపుతుంది; ఎవరి మాట, దానికి ఏ జవాబులు, ఏ షరతులు అన్నది వరుసగా కనిపిస్తుంది. అనువాదానికి వేరే ఫైలు ఉంటుంది. అందులో ప్రతి వాక్యానికీ ఒక సంఖ్య, తరంగ గుర్తుల మధ్య పాఠ్యం, కావాలంటే పక్కనే స్త్రీ కథానాయికకు వేరే పాఠ్యం ఇవ్వవచ్చు. రెండు ఏటవాలు గీతలు గీసి వ్యాఖ్య రాసుకునే వీలు కూడా ఉంది. యంత్రం పట్టించుకోని ఆ వ్యాఖ్య పంక్తిలో ‘మోర్టే, నాయకుడితో, మొదటి కలయిక’ అని నాలుగు మాటలు రాసిపెడితే అనువాదకుడి చీకటి చాలావరకు తొలగుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ల అనువాదంలో వాడే ‘గెట్‌టెక్స్ట్’ ఫైళ్ళలో సందర్భాన్ని తెలపడానికి ఒక ప్రత్యేక పంక్తే ఉంది.

భారతీయ భాషలలోకి సాఫ్ట్‌వేర్లను, పాఠ్యక్రీడలను తెప్పించే సంస్థలకు ఇందులో గ్రహించవలసిన విషయం ఉంది. ఒప్పందాలలో పదాల సంఖ్య, గడువు, పదానికి ఇంత రుసుము అన్నవి స్పష్టంగా రాస్తారు. మూలపాఠ్యం ఏ రూపంలో అనువాదకుడికి అందాలో కూడా అంత స్పష్టంగా రాయడం అవసరం. ప్రతి వాక్యం పక్కనా పలికేవారు, వినేవారు, వారి మధ్య సంబంధం అనే మూడు గడులు ఉండాలన్న నిబంధన పెట్టడానికి ఖర్చు స్వల్పం. ఇంగ్లీషులో రాసిన రచయితకు ఆ గడులను నింపవలసిన అవసరం తోచకపోవడం సహజమే. అతని భాష ఆ ప్రశ్న అడగదు. అడిగే భాష తెలుగు కనుక ఆ గడులను కోరవలసిన బాధ్యత కూడా తెలుగువారిదే.

‘టోర్మెంట్’ రచయితలు ఫైలులో చోటు లేనివాటినన్నిటినీ వాక్యంలోకి తెచ్చి, ఆ కొరత నుండి ఒక శైలిని సృష్టించారు. వారికి అవసరం రానిది ఒక్కటే: మాట్లాడే ఇద్దరి మధ్య ఉన్న దూరం. తెలుగు సంభాషణ ఆ దూరాన్ని కొలవడంతోనే మొదలవుతుంది.